పొగతోటలో ఒక బయాప్సీ ల్యాబ్: మా మామయ్య పేగు గడ్డకు పేరు తేలిన తీరు

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులకు గానీ, స్కానింగ్ సెంటర్లకు గానీ, ల్యాబులకు గానీ కొదవ లేదని ఈ చుట్టుపక్కల జిల్లాలవారందరికీ తెలుసు. అయితే రక్తం, మూత్రం పరీక్షించే ల్యాబు వేరు, ఒంట్లోంచి తీసిన ముక్కను చూసి అది ఏ జాతి గడ్డో తేల్చిచెప్పే ల్యాబు వేరు. ఈ సమీక్ష రెండో రకం ల్యాబు గురించి. మెచ్చుకోళ్లతో పాటు ఫిర్యాదులు కూడా ఇందులో ఉన్నాయి, మరో ల్యాబు ప్రస్తావన కూడా వస్తుంది. అందుచేత ఎవరి పేరూ రాయడం లేదు.

రోగి మా మేనమామ. కావలి దగ్గర పల్లెటూరు, వయసు 61. కొన్ని నెలలుగా నీరసం, అప్పుడప్పుడూ నల్లటి విరేచనం, హిమోగ్లోబిన్ 6కు పడిపోవడం. ఎండోస్కోపీలో పొట్ట శుభ్రంగానే కనిపించింది. సీటీ స్కానింగ్‌లో మాత్రం ఎండోస్కోపీ గొట్టం చేరలేని చిన్న పేగు మధ్యభాగంలో, అంటే జెజునంలో, ఆరున్నర సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. సర్జన్ గడ్డతో సహా ఆ భాగాన్ని కోసి తీసేసి, పేగు రెండు కొసలూ కలిపి కుట్టారు. ఆపరేషను సాఫీగా జరిగింది. అసలు తిప్పలు ఆ తరువాతే మొదలయ్యాయి.

గడ్డను మొదట చూసిన ల్యాబు వేరు. వారు ఇచ్చిన రిపోర్టు మొత్తం నాలుగు వాక్యాలు: కదురు ఆకారపు కణాలతో కూడిన కంతి, లియోమయోసార్కోమా (కండరపు క్యాన్సర్) కావచ్చు, 50 ఫీల్డులకు (మైక్రోస్కోపులో ఒకసారి కనిపించే మేర ఒక ఫీల్డు; మైటోసిస్ అంటే విభజన చెందుతున్న కణం) 7 మైటోసిస్‌లు, వైద్య పరిస్థితితో సరిపోల్చుకోవలెను. సార్కోమా అన్న మాట ఇంటర్నెట్‌లో వెతికిన మా మేనమామ కొడుకు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. సర్జన్ మాత్రం రిపోర్టు చదివి కాగితం పక్కన పెట్టేశారు. చిన్న పేగు కండరపు పొరలోంచి పుట్టిన కదురు కణాల గడ్డ ఏదైనా సరే, ఇమ్యూనో పరీక్ష, అంటే కణంలోని ప్రోటీన్లను ప్రత్యేకమైన మరకలతో పట్టిచూపే పరీక్ష, చేయకుండా పేరు పెట్టడానికి వీల్లేదనీ, బ్లాకులు తీసుకొని పొగతోటలోని ఫలానా ల్యాబుకు వెళ్లమనీ చెప్పారు.

బ్లాకు అంటే ముక్కను మైనంలో పోతపోసిన చిన్న దిమ్మె. స్లైడు ఆ దిమ్మె నుంచి మైక్రాన్ల మందంతో కోసిన పలుచటి పొర మాత్రమే. దానితో కొత్త పరీక్షలు చేయడం కష్టం, బ్లాకు ఉంటే మళ్లీ మళ్లీ కోసుకోవచ్చు. మొదటి ల్యాబువారు స్లైడ్లు ఇస్తామన్నారు గానీ బ్లాకులు ఇవ్వబోమని మూడు రోజులు తిప్పించుకొని, చివరికి సర్జన్ ఫోను చేశాక ఇచ్చారు. అప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది. బ్లాకులు తీసుకొని వస్తున్నామని ఫోనులో చెబితే, ఎండలో నిలిపిన కారులో వాటిని వదిలి భోజనానికి వెళ్లవద్దనీ, మైనం మెత్తబడితే ముక్క పాడవుతుందనీ పొగతోట ల్యాబు కౌంటరులోని అమ్మాయి హెచ్చరించింది. ఇంకా మెట్లెక్కక ముందే పనికొచ్చే మాట చెప్పిన చోటు అది.

లోపల నింపమని ఇచ్చిన ఫారం నాకు ఆ ల్యాబు మీద మరింత గురి కుదిర్చింది. సాధారణంగా ఇలాంటి ఫారాల్లో పేరు, వయసు, డాక్టరు పేరు ఉంటాయి. ఇందులో గడ్డ జీర్ణనాళంలో ఏ భాగంలో ఉంది, ఒకటా అంతకంటే ఎక్కువా, ఆపరేషనులో పగిలిందా, తీసిన ఎంతసేపటికి ఫార్మలిన్‌లో వేశారు, రోగి ఒంటిమీద పాలకాఫీ రంగు మచ్చలు ఉన్నాయా అన్న ప్రశ్నలు ఉన్నాయి. మచ్చల సంగతి ఎందుకని అడిగితే, న్యూరోఫైబ్రోమటోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారికి చిన్న పేగులో ఇలాంటి గడ్డలు ఒకటికి మించి రావచ్చనీ, అవి మామూలువాటికంటే భిన్నమైన తరగతికి చెందుతాయనీ చెప్పారు. గడ్డ పగిలితే కడుపులో కణాలు చిమ్మినట్టే కనుక, మిగతా లెక్కలు ఎంత బాగున్నా ప్రమాదం పెరుగుతుందట. దానికి మేము సమాధానం రాయలేకపోతే పాథాలజిస్టు స్వయంగా సర్జన్‌కు ఫోను చేసి, పగలలేదని నిర్ధారించుకొని ఫారం మీద రాసుకున్నారు.

ఫార్మలిన్ ప్రశ్న కూడా ఊరికే అడిగింది కాదు. తీసిన ముక్కను దాని పరిమాణానికి పది రెట్లు ఉండే 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేయాలి. పెద్ద గడ్డ అయితే చీల్చి వేయాలి, ఎందుకంటే ఆ ద్రవం లోపలికి గంటకు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే ఇంకుతుంది. ఆరు గంటలకు తక్కువైతే లోపలి భాగం కుళ్లిపోతుంది, మూడు రోజులు దాటితే మరకల పరీక్షలూ జన్యు పరీక్షలూ సరిగా పలకవు. కొన్ని చిన్న ఊళ్లలో ముక్కను సెలైన్‌లో వేసి పంపే అలవాటు ఇంకా ఉంది. అలా వచ్చిన ముక్కను ఎంతటి నిపుణుడూ బాగుచేయలేడు. మా అదృష్టం, ఆపరేషను థియేటరులో ఆ పని సవ్యంగానే చేశారు.

మూడో రోజు పాథాలజిస్టు మమ్మల్ని లోపలికి పిలిచి దాదాపు ఇరవై నిమిషాలు మాట్లాడారు. రోగి బంధువులతో ఇంతసేపు మాట్లాడే పాథాలజిస్టును నేను అంతకు ముందు చూడలేదు. ఆమె చెప్పినదాని సారాంశం ఇది. జీర్ణనాళం గోడలో నడుమ లావుగా, కొసలు సన్నగా కదురులా ఉండే కణాల గడ్డలు ముఖ్యంగా మూడు కుదుళ్ల నుంచి వస్తాయి: కండరం, నరాల తొడుగు, ఇంకా పేగు అలలు అలలుగా కదిలేలా లయను నడిపే కహాల్ కణాలు. ఒకప్పుడు వీటిలో అధికభాగాన్ని కండరపు గడ్డలుగానే లెక్కించేవారు. 1983లో మజూర్, క్లార్క్ అనే ఇద్దరు వాటిలో చాలావాటికి కండర లక్షణాలు లేవని గమనించి, స్ట్రోమల్ ట్యూమర్ అన్న మాట వాడారు. 1998లో జపాన్‌కు చెందిన హిరోటా బృందం ఈ గడ్డల్లో కిట్ అనే జన్యువు మార్పు చెంది, కణాన్ని ఎడతెగకుండా పెరగమని పురమాయిస్తుందని కనుగొన్నది. అప్పటి నుంచి వీటికి జిస్ట్ (గ్యాస్ట్రోఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్) అనే పేరు స్థిరపడింది. పాతకాలపు లియోమయోసార్కోమా రిపోర్టులెన్నో తిరగరాయవలసి వచ్చింది. మా మొదటి రిపోర్టు, ఆమె నవ్వుతూ అన్నట్టు, ఆ పాతకాలానికి చెందినది.

ఆమె అయిదు మరకలు వేయించారు. జిస్ట్‌ను చూపే సీడీ117, డాగ్1 రెండూ గట్టిగా పట్టాయి. కండరాన్ని చూపే డెస్మిన్ పట్టలేదు, నరాల తొడుగును చూపే ఎస్100 పట్టలేదు, సీడీ34 అక్కడక్కడా పట్టింది. జిస్ట్‌లలో సుమారు 95 శాతం సీడీ117 పట్టుకుంటాయి. అది పట్టనివాటిలో చాలావాటిని డాగ్1 పట్టిస్తుంది కనుక రెండూ జంటగా చేయాలన్నారు. రుసుము ఒక్కో మరకకు విడివిడిగా ఉంటుంది, మొత్తం మాకు 7,500 రూపాయలైంది. ఎస్‌డీహెచ్‌బీ అనే ప్రోటీను కణంలో లోపించిందా అని చూసే మరో పరీక్ష గురించి నేను చదువుకొని వెళ్లి అడిగితే, ఆ లోపం ఉన్న గడ్డలు దాదాపుగా పొట్టలోనే, అదీ ఎక్కువగా చిన్న వయసువారిలోనే వస్తాయనీ, మామయ్యకు అది దండగ ఖర్చనీ వద్దన్నారు. పెరిగే దశలో ఉన్న కణాల శాతాన్ని చూపే కీ-67 కూడా వేయలేదు. ఆ శాతం 3కు లోపా, 20కి పైనా అన్నది న్యూరోఎండోక్రైన్ అనే మరో రకం గడ్డల గ్రేడుకు ఆధారం గానీ జిస్ట్ ప్రమాద పట్టికలో దానికి చోటు లేదట. అడిగిన పరీక్షనల్లా బిల్లులో కలిపేసే ఈ రోజుల్లో ఇది చెప్పుకోవలసిన విషయం.

ఈ ల్యాబుకు నేను పూర్తి మార్కులు వేసేది మైటోసిస్‌ల లెక్క దగ్గర. విభజన చెందుతున్న కణాల సంఖ్యే ఈ గడ్డ దూకుడును కొలిచే ముఖ్యమైన కొలత. పాత పుస్తకాల్లో 50 ఫీల్డులకు ఎన్ని అని ఉంటుంది. కానీ ఆ 50 ఫీల్డులు పాత మైక్రోస్కోపులో మొత్తం 5 చదరపు మిల్లీమీటర్ల మేర. ఇప్పటి విశాలమైన కటకాలతో 20 నుంచి 25 ఫీల్డులకే ఆ మేర పూర్తవుతుంది. కొత్త మైక్రోస్కోపులో పాత పద్ధతిన 50 లెక్కిస్తే రెట్టింపు పొలం తిరిగి కలుపు మొక్కలు లెక్కించినట్టే, సంఖ్య ఎక్కువగా వస్తుంది. ఆమె 5 చదరపు మిల్లీమీటర్లకు కచ్చితంగా లెక్కించి 3 అని రాశారు. మొదటి రిపోర్టులోని 7 అబద్ధం కాదు, కానీ దాని కింద ఉన్న వైశాల్యం వేరు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో తెలియాలంటే మియెటినెన్, లసోటా 2006లో ప్రకటించిన ప్రమాద పట్టిక చూడాలి. గడ్డ స్థానం, పరిమాణం, మైటోసిస్‌లు, ఈ మూడింటి మీదే అది నడుస్తుంది. మైటోసిస్‌ల గీత 5 దగ్గర ఉంది. జెజునంలో 5 నుంచి 10 సెంటీమీటర్ల గడ్డకు లెక్క 5 లేదా అంతకు లోపు ఉంటే, వ్యాధి ముదిరినవారు 24 శాతం. 5 దాటితే 85 శాతం. అదే పరిమాణం, అదే తక్కువ లెక్క పొట్టలోని గడ్డకు ఉంటే 3.6 శాతమే. అంటే ఏ భాగంలో ఉన్నదో రాయని రిపోర్టు, ఎంత మేరలో లెక్కించారో రాయని రిపోర్టు, పేరు సరిగా పెట్టినా సగం రిపోర్టే. ఈ ల్యాబువారు స్థానం, పరిమాణం, లెక్క, కోత అంచులు, పగలలేదన్న సంగతి, ప్రమాదపు తరగతి, అన్నీ వరుసగా రాసి, ఏ పట్టిక ప్రకారమో కూడా చెప్పారు.

ఇదంతా ఇంటికి వెళ్లి వివరిస్తే మామయ్య, "ఏంది అబ్బయా, పేరు మారిస్తే గడ్డ మారిపోద్దా?" అన్నాడు. గడ్డ మారదు, మందు మారుతుంది. లియోమయోసార్కోమాకు ఇచ్చే కీమోథెరపీ జిస్ట్ మీద దాదాపుగా పనిచేయదు. జిస్ట్‌కు ఇమాటినిబ్ అనే మాత్ర ఉంది. 2002లో అమెరికాలో దీనికి అనుమతి లభించింది. మన దేశంలో ఆ మందును తెచ్చిన నోవార్టిస్ కంపెనీ పేటెంటు వాదనను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చడంతో, హైదరాబాదులోని నాట్కో వంటి కంపెనీల జనరిక్ మాత్రలు మధ్యతరగతికి అందుబాటులో నిలిచాయి. అధిక ప్రమాదం ఉన్నవారికి ఆపరేషను తరువాత మూడేళ్లు వాడతారు. మామయ్యలా మధ్యస్థ ప్రమాదంలో ఉన్నవారికి ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్లలోనే చర్చనీయాంశం. అందుకే చెన్నైలోని క్యాన్సర్ డాక్టరు ముందు జన్యు పరీక్ష కోరారు.

ఆ పరీక్ష ఈ ల్యాబులో లేదు. బ్లాకును కొరియరులో ఒక మహానగరపు ల్యాబుకు పంపుతారు, ఫలితానికి మాకు పద్దెనిమిది రోజులు పట్టింది. కిట్ జన్యువులో ఎక్సాన్ 11 అనే భాగంలో మార్పు ఉందని తేలింది. ఇమాటినిబ్‌కు బాగా లొంగేవి ఈ రకమే. ఎక్సాన్ 9 అయితే మోతాదు పెంచవలసి వచ్చేది. పొట్ట గడ్డల్లో ఎక్కువగా కనిపించే పీడీజీఎఫ్ఆర్ఏ అనే మరో జన్యువులోని డీ842వీ మార్పు అయితే ఆ మాత్ర పనికిరాదు. రోజుకు 400 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు.

ఇక లోపాలు. ల్యాబు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. సాయంత్రం అయిదు దాటితే ఫోను ఎత్తరు. మరకల ఫలితం అయిదు రోజుల్లో ఇస్తామని తొమ్మిదో రోజు ఇచ్చారు. రసాయనం అయిపోయి చెన్నై నుంచి తెప్పించామన్న సంగతి మేము గట్టిగా అడిగాకే చెప్పారు. బ్లాకులు తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం పుస్తకంలో నంబరు వేసి సంతకం తీసుకొని, మారుమాట లేకుండా ఇచ్చారు.

అన్నిటికంటే పెద్ద తప్పు టైపింగులో జరిగింది. రిపోర్టులో మామయ్య వయసు 61కి బదులు 16 అని పడింది. మేమెవరమూ గమనించలేదు. జన్యు పరీక్ష ల్యాబువారు ఫోను చేసి, పదహారేళ్ల కుర్రవాడికి ఎస్‌డీహెచ్‌బీ ఎందుకు చేయలేదని అడిగినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. పొగతోట పాథాలజిస్టు ఆ సాయంత్రమే క్షమాపణ చెప్పి, సవరించిన ప్రతి మీద పాతది రద్దు అని రాసి సంతకం చేశారు. అయితే ఆ ప్రతి మా వాట్సాప్‌కు రావడానికి మరో రెండు సార్లు ఫోను చేయవలసి వచ్చింది.