వెనిస్‌కి ఒక్కరే వెళ్తున్నారా? గొండోలా మానేసి వాపొరెట్టో పాస్ కొనండి

వెనిస్‌లో గొండోలా రేటు పడవకి, మనిషికి కాదు. పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. ఐదుగురు ఎక్కితే తలా పద్దెనిమిదితో పోతుంది. ఒక్కరే వెళ్తే మొత్తం మన నెత్తి మీదే. నేను వెళ్లింది ఒక్కదాన్నే కాబట్టి దాని జోలికి పోకుండా 72 గంటల వాపొరెట్టో పాస్ తీసుకున్నాను, 45 యూరోలు. వాపొరెట్టో అంటే ఆ ఊరి సిటీ బస్సే, కాకపోతే నీళ్ల మీద తిరుగుతుంది.

ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, కాదనను. విడి టికెట్ 9.50 యూరోలు, అది 75 నిమిషాలు పనికొస్తుంది. అంటే ఐదోసారి ఎక్కేసరికి పాస్ గిట్టుబాటు అయిపోతుంది. 24 గంటలది 25, వారానిది 65. వయసు 29 లోపు వాళ్లకి 'రోలింగ్ వెనిస్' కార్డుతో మూడు రోజుల పాస్ ఇంకా తక్కువకి వస్తుంది. నా వయసు అది ఎప్పుడో దాటింది! గంటలు లెక్కకొచ్చేది కొన్నప్పటి నుంచి కాదు, మొదటిసారి రేవులోని టికెట్ మిషన్‌కి ఆనించినప్పటి నుంచి. అందుకని ముందు రోజే కొని పెట్టుకున్నా నష్టం లేదు. పాస్ ఉన్నా సరే, ఎక్కే ప్రతిసారీ మిషన్‌కి ఆనించాల్సిందే.

ఇక అసలు విషయం. లైన్ 1 పడవ ఊరి మధ్యలో పారే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా, ఈ గట్టుకీ ఆ గట్టుకీ అడ్డంగా తిరుగుతూ దాదాపు అన్ని రేవుల్లోనూ ఆగుతుంది. బస్సులు ఆగే పియాజాలే రోమా నుంచి ఊరి పెద్ద చౌకు శాన్ మార్కో చేరడానికి ముప్పావు గంట. తొందరుంటే లైన్ 2 ఎక్కొచ్చు, అది కొన్ని రేవుల్లోనే ఆగుతుంది. కానీ నా సలహా లైన్ 1కే. ఎందుకంటే ఆ కాలువ గట్టు మీద భవనాల్ని కట్టినవాళ్లు సింహద్వారాలు నీళ్ల వైపు పెట్టుకున్నారు. కా దోరో అనే మేడ గోడల మీద రాతి అల్లికలు చెక్కించింది పడవలో వచ్చే అతిథుల కోసం. సందుల్లో నడిచి వెళ్తే మనకి కనిపించేది ఆ ఇళ్ల వీపులు. మొదటి రోజు సందులన్నీ కాళ్లీడ్చుకుంటూ తిరిగి, సాయంత్రం పడవెక్కితే, అదే ఊరు ముఖం ఇటు తిప్పినట్టు అనిపించింది.

ముందు భాగంలో బయట సీట్లు పాత పడవల్లోనే ఉంటాయి, కొన్నే ఉంటాయి. అవి దొరకాలంటే దారిలో ఎక్కితే లాభం లేదు, పడవ బయల్దేరే పియాజాలే రోమా నుంచే ఎక్కాలి. ఒంటరిగా వెళ్లడంలో సుఖం ఇక్కడే. ఒక్క ఖాళీ చాలు, దూరిపోవచ్చు.

రేవులో నిలబడ్డప్పుడు పడవ మనిషి పని గమనించండి. రేవంటే నీళ్ల మీద తేలే పెట్టె లాంటిది, కాళ్ల కింద ఊగుతూనే ఉంటుంది. పడవ దగ్గరికొస్తుండగా అతను మోకు విసిరి, ఇనప గుంజకి ఎనిమిది అంకెలా తిప్పి పట్టుకుంటాడు. మోకు కిర్రుమని బిగుసుకుంటుంది, అంత పెద్ద పడవా పక్కకి జరిగి అతుక్కుంటుంది. ఇనప గేటు లాగి రేవు పేరు కేకేస్తాడు. దిగేవాళ్లు దిగాకే ఎక్కాలి. వీపు సంచి తీసి చేత్తో పట్టుకోవాలి, లేకపోతే వెనకవాళ్ల మూతికి తగులుతుంది.

లోపాలూ చెప్పాలి. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా రియాల్టో వంతెన, శాన్ మార్కో దగ్గర ఊపిరాడదు. కూరగాయల సంచులతో ఊరివాళ్లు కూడా మన మధ్యే నలుగుతుంటారు, పాపం. పెద్ద రేవుల్లో ఒక్కో దిక్కుకి ఒక్కో ప్లాట్‌ఫారం ఉంటుంది. బోర్డు మీద చివరి రేవు పేరు చూడకుండా ఎక్కకండి. పొద్దున ఎనిమిదికి ముందో, చీకటి పడ్డాకో వెళ్తే అదే పడవ వేరేలా ఉంటుంది. దీపాలు వెలిగిన మేడల్లోకి చూస్తే గదుల పైకప్పుల మీద గీసిన బొమ్మలు కనిపిస్తాయి.

పాస్ డబ్బులు పూర్తిగా రాబట్టాలంటే ఫోందమెంతె నోవె రేవు నుంచి లైన్ 12 ఎక్కి బురానో వెళ్లండి. ముప్పావు గంట దూరం, రంగురంగుల ఇళ్లు, లేసు అల్లికలకి పేరున్న దీవి. నాకైతే శాన్ మికేలె దీవికి వెళ్లడం ఇంకా నచ్చింది. దీవి మొత్తం శ్మశానమే. సంగీతకారుడు స్ట్రావిన్స్కీ సమాధి అక్కడే ఉంది. అక్కడికి 4.1, 4.2 పడవలు వెళ్తాయి.

గొండోలా మీద మోజు తీరలేదంటే త్రగెత్తో ఉంది. గ్రాండ్ కెనాల్ మీద వంతెనలు నాలుగే కాబట్టి, శాన్ తొమా లాంటి చోట్ల గట్టు దాటించడానికి పెద్ద గొండోలాలు నడుపుతారు. బయటివాళ్లకి 2 యూరోలు. రెండు మూడు నిమిషాల పని. మన పాస్ అక్కడ చెల్లదు, చిల్లర దగ్గర పెట్టుకోండి.

వాపొరెట్టో పాస్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది రద్దీకి. ఇంకో మాట, మార్కో పోలో ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే అలిలగూనా పడవలకి ఈ పాస్ పనికిరాదు, ఎయిర్‌పోర్ట్ బస్సుకి కూడా అదనంగా కట్టాలి. ఆ ఖర్చు విడిగా వేసుకోండి.