పంపు ఇంపెల్లర్‌కి మైనపు పోతా, ఇసుక పోతా, సీఎన్‌సీయా: ఏది మేలు?

ఆటోనగర్‌లో పార్టులు చేయించుకోవడానికి వచ్చేవాళ్లు మొదట అడిగేది "అన్నా, కిలో ఎంత?" అనే. ఆ లెక్కన చూస్తే మైనపు పోత, అదే ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్, మొదటి నిమిషంలోనే ఓడిపోతుంది. ఇసుక పోత రేటు పక్కన దాని రేటు చూసి చాలామంది అక్కడే ఆగిపోతారు. పంపులో బిగించేది పూర్తయిన పార్టు కాబట్టి లేత్ మీద ఎంతసేపు కూర్చుంది, స్క్రాప్ ఎంత పోయింది, ఎన్ని రిజెక్ట్ అయ్యాయి, అన్నీ కలుపుకుని ఒక్కో పీసు ఎంతకి తేలిందో చూడాలి.

సముద్రపు నీళ్లు తోడే ఒక చిన్న పంపు ఇంపెల్లర్, అంటే పంపు లోపల తిరుగుతూ నీటిని నెట్టే రెక్కల చక్రం, తీసుకుందాం. అరచేతిలో పట్టేంత సైజు, 316 స్టెయిన్‌లెస్, క్లోజ్డ్ రకం, అంటే రెండు పళ్లేల మధ్య వంపు తిరిగిన రెక్కలు. విశాఖలో హార్బర్ పక్కన పంపులు బాగుచేసేవాళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

సీఎన్‌సీ, అంటే కంప్యూటర్ నడిపే మెషిన్ మీద చెక్కడం, దాని సంగతి ముందు తేల్చేద్దాం. రౌండ్ బార్ నుంచి చెక్కితే కొలత అద్భుతంగా వస్తుంది, లోపల బ్లో హోల్స్ (గాలి బుడగల గుంతలు) గొడవా దాదాపు ఉండదు. షాఫ్టు, బుష్, ఫ్లాంజ్ లాంటివాటికి దీన్ని మించింది లేదు. కానీ ఈ ఇంపెల్లర్‌లో రెక్కల మధ్య సందులోకి టూల్ వెళ్లడమే కష్టం. రెండు ముక్కలుగా చేసి వెల్డింగ్ చేయాలి, లేదంటే టూల్‌నీ పార్టునీ ఏటవాలుగా కూడా తిప్పగల 5 యాక్సిస్ మెషిన్ ఎక్కించాలి, అప్పుడు కూడా సందు ఇరుకైతే టూల్ లోపలిదాకా చేరదు. పైగా డబ్బు పెట్టి కొన్న స్టెయిన్‌లెస్‌లో పెద్ద భాగం చిప్స్‌గా రాలిపోయి స్క్రాప్ రేటుకి పోతుంది. ఊళ్లోనే స్టీల్ ప్లాంట్ ఉంది కదా, మెటీరియల్ చవగ్గా దొరకదా అని కొందరు అడుగుతుంటారు. అక్కడ తయారయ్యేవి మామూలు స్టీల్ కడ్డీలు, వైర్ రాడ్, రౌండ్లు. స్టెయిన్‌లెస్ అక్కడ తయారవదు.

ఇసుక పోతకి వస్తే, పంపు కేసింగ్ లాంటి పెద్ద, బరువైన పార్టులకి అదే సరైనది, ఇందులో నాకు రెండో మాట లేదు. టన్నుల బరువున్నవి కూడా పోయొచ్చు, అచ్చు తీయడానికి వాడే చెక్క పాటర్న్ (నమూనా) ఖర్చూ తక్కువే. ఇంపెల్లర్ దగ్గరికొచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. రెక్కల మధ్య సందు కోసం ఇసుక కోర్ (సందు ఆకారంలో చేసిన ఇసుక ముద్ద) పెట్టాలి, అది కాస్త జరిగినా ఒక రెక్క మందంగా, పక్కది పలచగా వస్తుంది, బ్యాలెన్సింగ్‌లో గుండెలు బాదుకోవాలి. ఆ సందుల్లో అంటుకున్న ఇసుకని, గరుకుని గ్రైండర్‌తో తీద్దామన్నా గ్రైండర్ లోపలికి పోదు. ఆ గరుకు అలాగే ఉండిపోతే పంపు ఎఫిషియెన్సీ పడిపోతుంది, ఉప్పునీటిలో తుప్పు పట్టుకోవడానికి అదే ఆసరా అవుతుంది.

మైనపు పోత నిజంగా గెలిచేది ఇలాంటి చోటే. అల్యూమినియం డై, అంటే అచ్చు, లోకి మైనం ఎక్కించి ఇంపెల్లర్ నమూనాలు తీస్తారు. లోపలి సందుల కోసం నీళ్లలో కరిగే రకం మైనాన్ని ముందే అచ్చు తీసి పెట్టుకుని, చుట్టూ మామూలు మైనం ఎక్కించాక ఆ కరిగే రకాన్ని నీళ్లలో కరిగించేస్తారు. అలా వచ్చిన నమూనాలని ఒక చెట్టులా అతికించి, బజ్జీని పిండిలో ముంచినట్టు సిరామిక్ స్లర్రీలో ముంచి పైన జిర్కాన్ ఇసుక చల్లుతారు. ఆరాక మళ్లీ ముంచడం, ఈసారి ముతక ఇసుక, ఇలా ఆరేడు పూతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. తర్వాత ఆవిరి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో ఆవిరి పట్టే పాత్రలో) మైనం కరిగించి, మిగిలిన సిరామిక్ పెంకుని, అదే షెల్‌ని, వెయ్యి డిగ్రీల దరిదాపుల్లో కాల్చి, వేడిగా ఉండగానే 1600 డిగ్రీల దగ్గరున్న స్టీల్ పోస్తారు. మన ఆదిలాబాద్ డోక్రా కళాకారులు బొమ్మలు పోసేదీ ఇదే సూత్రం మీద.

ఫలితం ఏమిటంటే ఉపరితలం నునుపు 1.6 నుంచి 3.2 మైక్రాన్ Ra దాకా వస్తుంది (Ra అంటే గరుకు కొలత, తక్కువుంటే అంత నునుపు), ఇసుక పోతలో సాధారణంగా 12.5 నుంచి 25 ఉంటుంది. కొలతలో తేడా 25 మిల్లీమీటర్లకి దాదాపు ±0.13 నుంచి ±0.25 మి.మీ. లోపు. ఇది చూసి మెషినింగే అక్కర్లేదనుకోవద్దు. 25 మి.మీ. షాఫ్టు రంధ్రానికి H7 ఫిట్ (రంధ్రం కొలతకి ఒక ప్రామాణిక హద్దు) కావాలంటే దొరికే వెసులుబాటు మొత్తం 0.021 మి.మీ., ఏ పోతా అది ఇవ్వలేదు. ఆ రంధ్రం దగ్గర మాత్రం మిల్లీమీటరు దాకా అదనంగా ఉంచి లేత్ మీద తీయించాలి, రెక్కల జోలికి పోనక్కర్లేదు.

ఇక్కడే ఒక మోసపోయే చోటు ఉంది. ఇన్వెస్ట్‌మెంట్ కాస్టింగ్ అని కొటేషన్‌లో రాసి ఉన్నా, షెల్ కట్టే స్లర్రీలో జిగురుగా ఏది వాడతారో, అంటే అది సిలికా సోల్ పద్ధతా, వాటర్ గ్లాస్ పద్ధతా అని అడగండి. వాటర్ గ్లాస్ చవక, షెల్ తొందరగా అవుతుంది, కానీ నునుపు 6.3 నుంచి 12.5 మధ్య, కొలతా అంత నిక్కచ్చిగా ఉండదు. బ్రాకెట్లకి, లివర్లకి అది చాలు. మన ఇంపెల్లర్‌కి సిలికా సోలే కావాలి.

సిలికా సోల్ షెల్ ఆరే గది గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన సముద్రపు గాలిలో అదే పెద్ద పరీక్ష. తడి షెల్ నుంచి నీరు ఆవిరవుతుంటే లోపలి మైనం చల్లబడి కుంచించుకుంటుంది, ఆరిపోయాక మళ్లీ గది వేడికి వచ్చి ఉబ్బుతుంది, అప్పుడు షెల్‌కి కంటికి ఆనని పగులు పడొచ్చు. అందుకే గదిని పగలూ రాత్రీ ఒకే ఉష్ణోగ్రతలో, తేమని అదుపులో పెట్టి ఉంచాలి. విశాఖ ఉక్కపోతలో, అదీ తుఫాను ముసురు పట్టినప్పుడు, ఏసీతోపాటు డీహ్యూమిడిఫైయర్ లేకుండా ఇది జరిగే పని కాదు. సరిగ్గా ఆరని షెల్ ఆటోక్లేవ్‌లో మైనం ఉబ్బే ఒత్తిడికి విచ్చుకుంటుంది, ఆ పగుల్లోకి లోహం పోయి పార్టు మీద అక్కర్లేని పలచటి రేకులా తేలుతుంది. ఎవరైనా ఈ చుట్టుపక్కల యూనిట్ పెడతానంటే కొలిమి కంటే ముందు ఆ గదికి డబ్బు దాచమంటాను. మీరు కొనేవాళ్లయితే, రాజ్‌కోట్ అయినా కోయంబత్తూరు అయినా, ఆ గదిలో తేమ రికార్డు చూపించమనండి.

మరి ఎన్ని పీసులకి ఇది గిట్టుబాటు? అంతా డై ఖర్చు మీదే ఉంది. డై లక్షన్నర అనుకుందాం: 20 పీసులకైతే ఒక్కోదాని మీద 7,500 పడుతుంది, 500 పీసులకైతే 300. కాబట్టి ఏటేటా వందల్లో ఆర్డరు వచ్చే డిజైన్ అయితే ఆలోచించకుండా మైనపు పోతకే వెళ్లండి. పాత పంపుకి నాలుగైదు ఇంపెల్లర్లే కావాలంటే డై వద్దు, త్రీడీ ప్రింట్ తీసిన నమూనాలతో షెల్ కట్టించండి, పీసు ఖరీదెక్కువే అయినా మొత్తం బిల్లు తగ్గుతుంది.

ఏ ఫౌండ్రీకి (పోత పోసే యూనిట్‌కి) ఇచ్చినా ఆర్డరులో గ్రేడు సీఎఫ్8ఎం (316కి పోత రూపం) అని రాసి వదిలేయకండి. పోత పోశాక 1040 డిగ్రీలకి తగ్గకుండా వేడిచేసి నీళ్లలో చల్లార్చాలని కూడా రాయండి. ఆ పని ఎగ్గొడితే గ్రెయిన్ల (లోహంలోని సన్నటి రేణువుల) అంచుల్లో క్రోమియం కార్బైడ్లు ఉండిపోతాయి, పైకి మెరుస్తున్న ఇంపెల్లర్‌ని ఉప్పునీరు ఆ అంచుల వెంబడే తినేస్తుంది. హీట్ ట్రీట్‌మెంట్ చార్టు చేతికి వచ్చాకే మిగతా డబ్బు కట్టండి.