అనంతపురంలో పిల్లల ఫుట్‌బాల్‌కు రిఫరీలు: విజిల్ వేశాక బాగుంది, వేసేలోపే ఇబ్బంది

అనంతపురంలో ఆదివారాలు స్కూలు గ్రౌండ్లలో జరిగే అండర్-12, అండర్-14 టోర్నీలకు రిఫరీలను పంపే ఒక స్థానిక ప్యానెల్ గురించి ఈ సమీక్ష. టోర్నీ పెట్టేవాళ్లు, కోచ్‌లు డబ్బు కట్టేముందు ఏం అడిగి తేల్చుకోవాలో తెలియాలని రాస్తున్నాం.

ఆట మొదలయ్యాక వీళ్ల పనికి వంక పెట్టలేం. ఫౌల్ ఇస్తే ఎందుకిచ్చారో పిల్లలకు రెండు ముక్కల్లో చెప్తారు. త్రో తప్పుగా వేస్తే బంతి అవతలి జట్టుకిచ్చి, కాలు ఎక్కడ లేచిందో చూపిస్తారు. గీత బయట నుంచి అరిచే పెద్దవాళ్లను మొహమాటం లేకుండా ఆపుతారు. చిక్కంతా రాకలోనే. 7 గంటల మ్యాచ్‌కు పది నిమిషాల ముందు ఫోన్ చేస్తే "టవర్ క్లాక్ దాటినా సార్, ఐదు నిమిషాల్లో ఉంటా" అంటారు. వచ్చేసరికి ఏడుంబావు దాటి ఉంటుంది. అన్నిసార్లూ కాదు గానీ, రోజులో మొదటి మ్యాచ్‌కు ఇది మామూలైపోయింది.

చాలామంది దీన్ని నిమిషాల లెక్కగానే చూస్తారు. అసలు నష్టం, మ్యాచ్‌కు అరగంట ముందు జరగాల్సిన తనిఖీ ఎగిరిపోవడం. అందులో మొదటిది గోల్ పోస్టు. మన స్కూళ్లలో ఎక్కువగా ఎత్తి పక్కకు జరిపే ఇనుప పోస్టులే ఉంటాయి. నేలకు ఆనే వెనక కమ్మీ మీద ఇసుక మూటలు లేకపోతే, ఒక పిల్లవాడు పై కమ్మీ పట్టుకుని వేలాడినా చాలు, పోస్టు మొత్తం ముందుకు ఒరుగుతుంది. ఇలా పోస్టు మీద పడి పిల్లలు చనిపోయిన ఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. జరిపే పోస్టులైనా సరే నేలకు గట్టిగా బిగించి ఉండాలని ఆట నియమాల్లో ఒకటో నియమమే చెప్తుంది. వేళకొచ్చిన రిఫరీ పోస్టును రెండు చేతులతో ముందుకు లాగి చూస్తారు, కదిలితే మూటలు తెప్పించేదాకా టాస్ వేయరు. పరుగున వచ్చినవాళ్లు సెంటర్ నుంచే అటొక చూపు, ఇటొక చూపు చూసి కెప్టెన్లను పిలుస్తారు. ఈ ఒక్క పని కోసమైనా రిఫరీ ముందు రావాలి. రాలేదంటే కోచ్‌లే ఆ పని చేయాలి, ఎవరి కోసమూ ఆగకూడదు.

కార్నర్ జెండా కర్ర కనీసం 1.5 మీటర్లు ఉండాలి, కొన మొనదేలి ఉండకూడదు. జెండాలు దొరక్క వెదురు చీల్చి పాతిన చోట ఈ రెండోది తప్పుతుంది. బంతి సంగతీ అంతే. అండర్-12కు 4వ సైజు, అండర్-14కు 5వ సైజు వాడుతున్నాం. గాలి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ మధ్య ఉంటే నియమానికి సరిపోతుంది, పిల్లలకైతే కింది అంచుకు దగ్గరగా ఉంచడం మేలు. గట్టి మట్టి గ్రౌండ్‌లో గాలి ఎక్కువైన బంతి మోకాలి ఎత్తుకు బదులు తల ఎత్తుకు లేస్తుంది.

తర్వాత పిల్లల ఒంటి మీద ఉన్నవి. చెవిపోగులు, ఉంగరాలు, మెడలో తాయెత్తు, చేతికి ఎర్రదారం, రబ్బరు బ్యాండ్లు అన్నీ తీసేయాల్సిందే. టేపు చుట్టి కప్పితే కుదరదని నియమం స్పష్టంగా చెప్తుంది. తాయెత్తు తీయించడానికి ఇంట్లోవాళ్లను అడగాలి, నచ్చజెప్పాలి, దానికి టైము పడుతుంది. హడావిడిలో ఇది వదిలేస్తే పదో నిమిషంలో రిఫరీ కంటపడుతుంది, పిల్లవాడిని బయటికి పంపుతారు, జట్టు కాసేపు పదిమందితో ఆడుతుంది. మోకాలి కింద ఎముకకు దెబ్బ తగలకుండా పెట్టుకునే షిన్ గార్డులూ అప్పుడే చూడాలి. సాక్సులో అట్టముక్క పెట్టుకొచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

లైన్స్‌మన్లు రాని రోజు జట్టుకొకరు చొప్పున పెద్దవాళ్లకు జెండా ఇస్తారు. వాళ్లకు రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి: బంతి గీత పూర్తిగా దాటితేనే జెండా ఎత్తాలి, ఆఫ్‌సైడ్ జోలికి పోకూడదు, అది రిఫరీ చూసుకుంటారు. ఆ రెండు నిమిషాలు దొరకని మ్యాచ్‌లో ప్రతి గోల్‌కూ గొడవే.

వార్మప్ కూడా దెబ్బతింటుంది. 20 నిమిషాలు ఒళ్లు వేడెక్కించిన పిల్లలు మరో 20 నిమిషాలు చెట్టు కింద కూర్చుంటే చేసినదంతా చల్లారిపోతుంది. రిఫరీ రావడం ఆలస్యమని తెలిసిన వెంటనే మొత్తం వార్మప్ మళ్లీ పెట్టకండి, పిల్లలు అలిసిపోతారు. బంతితో చిన్న వలయంలో పాసులు ఆడిస్తూ ఉంచి, రిఫరీ గ్రౌండ్‌లోకి అడుగుపెట్టాక ఐదు నిమిషాలు నెమ్మది పరుగు, పక్క అడుగులు, మూడు నాలుగు చిన్న స్ప్రింట్లు చేయిస్తే సరిపోతుంది. ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు నుంచి 50, 60 కిలోమీటర్లు వచ్చే పిల్లలు తెల్లవారకముందే ఏదో తిని బయల్దేరతారు. వాళ్లకు తలా ఒక అరటిపండు, కొంచెం కొంచెంగా నీళ్లు సిద్ధంగా పెట్టుకోండి.

ఇక ఎండ లెక్క. 30 నిమిషాల హాఫ్‌లు రెండు, మధ్యలో 10 నిమిషాలు, జట్లు మారడానికి మరో 10. ఆ లెక్కన మ్యాచ్‌లు 7:00, 8:20, 9:40కి పడతాయి, చివరిది 10:50కి ముగుస్తుంది. మొదటిది 25 నిమిషాలు లేటైతే చివరిది 11:15 దాకా సాగుతుంది. ఏప్రిల్‌లో మన ఊళ్లో ఆ వేళకు గ్రౌండ్‌లో ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆలస్యం చేసింది పొద్దున రావాల్సిన రిఫరీ, ఎండకు మాడేది మూడో మ్యాచ్ పిల్లలు. ఇది చాలా అన్యాయం. అలాంటి రోజు ప్రతి హాఫ్ మధ్యలో చల్లబడటానికి విరామం అడగండి, నియమాలు 90 సెకన్ల నుంచి 3 నిమిషాల దాకా ఒప్పుకుంటాయి. సాయంత్రం మ్యాచ్‌లకు కష్టం వేరు: డిసెంబరు మొదట్లో 5:45 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది, 4:30 మ్యాచ్ 20 నిమిషాలు ఆలస్యమైతే చివరి పది నిమిషాలు గోల్‌కీపర్‌కు బంతి సరిగ్గా కనబడదు.

టైము కలుపుకోవడానికి ఈ ప్యానెల్ రిఫరీలు కొందరు సెకండ్ హాఫ్ కుదిస్తున్నారు. ఇది తప్పు. రెండు హాఫ్‌లూ సమానంగా ఉండాలి. తగ్గించాలంటే ఆట మొదలవకముందే రిఫరీ, రెండు జట్లూ ఒప్పుకోవాలి, టోర్నీ నిబంధనలూ అనుమతించాలి. హాఫ్‌టైమ్‌లో "20 నిమిషాలే ఆడదాం" అంటే ఓడుతున్న కోచ్ కాదనొచ్చు, న్యాయం ఆయన వైపే ఉంటుంది.

రిఫరీ అసలు రాకపోతే ఎవరు ఊదాలన్నది టోర్నీ నిబంధనల్లో ముందే రాసి ఉండాలి. ఆరో నియమం అడిగేది అదే. మన దగ్గర చాలా టోర్నీల కాగితంలో ఈ వాక్యమే ఉండదు, ఆ తప్పు నిర్వాహకులది. 15 నిమిషాలు చూడటం, తర్వాత సీనియర్ లైన్స్‌మన్, ఆయనా లేకపోతే ఆ మ్యాచ్‌తో సంబంధం లేని జట్టు కోచ్, ఇద్దరు కెప్టెన్ల ముందు కోచ్‌ల సంతకాలు, ఫలితం లెక్కలోకి వస్తుందా లేదా అన్న మాట: ఇంత రాసుకుంటే చాలు. అసలు రిఫరీ మధ్యలో వస్తే హాఫ్‌టైమ్‌లోనే మార్చండి, ఆడుతుండగా వద్దు.

రిఫరీల వైపూ చూడాలి. ఎక్కువమంది స్కూళ్లలో పీఈటీలు, వారమంతా పనిచేసి ఆదివారం వస్తారు. శనివారం రాత్రి వాట్సాప్‌లో గ్రౌండ్ మార్చి, పొద్దున్నే గుంతకల్లు నుంచి రమ్మంటే ఎవరైనా ఆలస్యమవుతారు. పైగా ప్యానెల్ ఒకే మనిషికి ఒకే ఉదయం రెండు గ్రౌండ్లు ఇస్తోంది, అసలు జబ్బు అక్కడుంది. ఆట నడిపినందుకు ఐదుకు నాలుగు ఇస్తాం, వేళ పాటించడానికి రెండు మించి ఇవ్వలేం.

బుక్ చేసేటప్పుడు పేరు, ఫోన్ నంబరుతో పాటు గ్రౌండ్‌లో ఉండాల్సిన వేళ కూడా రాయించుకోండి: 7:00 మ్యాచ్‌కు 6:30. మొదటి మ్యాచ్‌కు టౌన్‌లో ఉండేవాళ్లనే అడగండి, తాడిపత్రి, గుంతకల్లు వాళ్లకు 9:40 మ్యాచ్ ఇవ్వండి. రోజంతా ఒకే గ్రౌండ్‌లో ఉండేలా ఇద్దరిని పంపుతామంటే ఈ ప్యానెల్‌నే తీసుకోండి. మ్యాచ్‌కొకరి లెక్కన పంపుతామంటే మాత్రం మొదటి మ్యాచ్ 7:30కి పెట్టి, ఆ రోజుకు రెండు మ్యాచ్‌లే వేసుకోండి.