ఇంట్లో తూటాలు నింపుకునే కిట్ కొనబోయేవారికి విశాఖ నుంచి ఒక హెచ్చరిక

మా నాన్నగారి కాలం నాటి పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకీకి ఇప్పుడు నా పేరిట లైసెన్సు ఉంది. ఏడాదికి ఎన్ని తూటాలు కొనవచ్చో ఆ లైసెన్సులోనే రాసి ఉంటుంది కనుక, పేల్చిన ఖాళీ తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకోవచ్చనీ, కొత్తగా నేర్చుకునేవారికి కావలసిన సామగ్రి అంతా ఒకే పెట్టెలో వస్తుందనీ ఫోన్‌లో కనిపించిన ప్రకటనకు నేను తేలిగ్గానే పడిపోయాను.

ప్రెస్ (తూటాను నొక్కి బిగించే చేతి యంత్రం), డైలు (అందులో తూటాకు ఆకారమిచ్చే అచ్చులు), తూకం యంత్రం, ట్రే అన్నీ కలిపి 29,000 రూపాయలనీ, సగం ముందుగా పంపాలనీ అమ్మకందారు చెప్పాడు. "మందు, క్యాపులు (తూటాలో పేలే పొడి, దాన్ని అంటించే చిన్న టోపీలు) మేం అమ్మం సార్, ఇది వట్టి మెషినే, దీనికి లైసెన్సుతో పని లేదు" అని అతను అన్న ఒక్క మాట నమ్మి 14,500 రూపాయలు పంపాను. పది రోజులకు గాజువాకలోని మా ఇంటికి వచ్చిన పార్సిల్‌లో తూకం యంత్రం, ప్లాస్టిక్ ట్రే తప్ప మరేమీ లేవు. మిగతావి కస్టమ్స్ దగ్గర ఆగిపోయాయనీ, విడిపించడానికి మరో 9,000 కావాలనీ ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. సరుకు విదేశం నుంచి వస్తుందని అంతకుముందు ఒక్కసారి కూడా అనలేదు.

అప్పుడు గాని ఆ తూకం యంత్రాన్ని నేను పరీక్షగా చూడలేదు. తూటా మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాము. గ్రెయిన్‌లో పదో వంతు తేడా కూడా చూపిస్తుందని ప్రకటనలో గొప్పగా రాశారు, అది 0.0065 గ్రాము అవుతుంది. యంత్రం అడుగున ఉన్న చీటీ మీద మాత్రం చూపించగల కనీస తేడా 0.01 గ్రాము అని ఉంది, కాబట్టి చెప్పిన తేడాను అది చూపించే అవకాశమే లేదు. ఒకే రూపాయి నాణేన్ని ఐదుసార్లు పెడితే మూడు రకాల అంకెలు వచ్చాయి. ఫ్యాను ఆపితే ఒకటి, కిటికీ తీసి సముద్రపు గాలి తగలనిస్తే మరొకటి. మందు మోతాదు మించితే గొట్టంలో ఒత్తిడి పెరిగి తుపాకీ పగిలే ప్రమాదం ఉన్న పనికి, కూరగాయల తక్కెడ కన్నా నమ్మకం లేని ఈ వస్తువును పంపించారు.

ప్రెస్ ఫొటోను నేను తూటాలు కొనే డీలరు గారికి చూపిస్తే ఆయన నవ్వి, అది రైఫిల్, పిస్తోలు ఇత్తడి తూటాలకు వాడేదనీ, పన్నెండు బోరు తూటాకు ప్లాస్టిక్ గొట్టం, మందుకూ సీసపు గుళ్లకూ మధ్య వాడ్ అనే అడ్డు బిళ్ల, పైన మడిచిన మూతి ఉంటాయి కనుక దాని ప్రెస్సే వేరనీ చెప్పారు. ఆ తర్వాత ఆయన చెప్పిన మాటకు నా నవ్వు ఆగిపోయింది. 1959 నాటి ఆయుధాల చట్టం 2వ సెక్షన్‌లో 'మందుగుండు' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటా విడిభాగాలే కాక తూటాలు తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. లైసెన్సు లేకుండా తయారుచేయడాన్ని 5వ సెక్షన్, దిగుమతి చేసుకోవడాన్ని 10వ సెక్షన్ నిషేధిస్తున్నాయి. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. తుపాకీ ఉంచుకోవడానికి నాకిచ్చిన లైసెన్సు తూటాలు తయారుచేయడానికి చెల్లదు. "వట్టి మెషినే" అన్న మాటకు విలువ ఏపాటిదో అప్పుడు అర్థమైంది. ఆ రెండో పార్సిల్ నిజంగా వచ్చి ఉంటే నా పరిస్థితి ఏమిటో ఇప్పటికీ తలచుకోలేను.

9,000 పంపలేదు. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, డబ్బు చెల్లించిన రసీదు, సంభాషణల స్క్రీన్‌షాట్లు జతపరిచాను. నాకు చేరింది తూకం యంత్రం, ట్రే మాత్రమేనని స్థానిక పోలీసు స్టేషన్‌లో కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఇలాంటి కిట్‌కు ఇప్పటికే డబ్బు కట్టినవారు కూడా పార్సిల్ కోసం ఎదురుచూడకుండా ముందు ఆ పని చేయడం మంచిది.

నా డబ్బు ఇంకా తిరిగి రాలేదు. మొన్న అదే ప్రకటన వేరే పేరుతో, 24,000 ధరతో మళ్లీ కనిపించింది. ఫొటో మాత్రం మారలేదు: పచ్చ టైల్స్ గోడ ముందు చెక్కబల్ల, దాని మీద ఎర్ర పిడి ఉన్న ప్రెస్, పక్కన స్టీలు గ్లాసు.