హాస్టల్ మంచం, ఎగ్జామ్ ప్యాడ్, విండోస్ ట్యాబ్లెట్

తిరుపతి బాలాజీ కాలనీలో ముగ్గురం ఉండే హాస్టల్ గదిలో నాకంటూ ఉన్నవి ఒక ఇనప మంచం, బీరువాలో ఒక అర, తలాపున ఒక ప్లగ్గు. టేబుల్ వేసుకునే చోటు లేదు. పగలంతా ఆడిటర్ గారి ఆఫీసులో టాలీ, జీఎస్టీ రిటర్నులతో సరిపోతుంది. రాత్రి భోజనం అయ్యాక ఒక గంట గేమాడుకోవాలని చాన్నాళ్ళుగా ఆశ. మా తమ్ముడికి చిత్తూరులో ఇంట్లో డెస్క్‌టాప్ ఉంది కానీ, నేను ఇంటికి పోయేది రెండు నెలలకోసారి. గేమింగ్ ల్యాప్‌టాప్ కొందామంటే అంత డబ్బు లేదు. ఉన్నా, ఆ బరువూ ఆ ఛార్జరూ రోజూ ఆఫీసుకు మోయలేను. అందుకే ఆఫీసు పనికీ ఆటకీ ఒకటే ఉండాలని విండోస్ ట్యాబ్లెట్ తీసుకున్నాను. వాడబట్టి పది నెలలైంది. నాలాంటి గదుల్లో ఉండి, కొందామా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్ళ కోసం రాస్తున్నాను.

తమ్ముడితో చెప్పినప్పుడు వాడు ఒకటే మాట అన్నాడు. "అక్కా, గ్రాఫిక్స్ కార్డు లేకుండా గేములు ఎట్లా ఆడతావు? డబ్బులు వేస్ట్ చేసుకోవద్దు." వాడి మాటలో సగం నిజం ఉంది. ఆ సగం ఏదో తెలుసుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది.

పోయిన జూలైలో ఒక ఆదివారం పుత్తూరు, ఊత్తుకోట మీదుగా బస్సులో చెన్నై వెళ్ళి, రిచీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కీబోర్డు కవరు, ఛార్జరుతో కలిపి 41 వేలు. 13 అంగుళాల స్క్రీను, వెనక స్టాండు, లోపల చిన్న ఫ్యాను. ఇంటెల్ 11వ తరం కోర్ ఐ5 1135జీ7 ప్రాసెసరు, దాంట్లోనే ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ (స్క్రీను మీద బొమ్మ గీసే భాగం), వేరే కార్డు లేదు. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ.

అదే వీధిలో 18 వేలకే ఇస్తామని 6వ, 7వ తరం ప్రాసెసర్లున్న ట్యాబ్లెట్లు కూడా చూపించారు. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ధర చూసి మనసు లాగుతుంది. వాటి జోలికి పోకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కి ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా 8వ తరం నుంచే అర్హత. గేముల సంగతి అయితే ఇంకా కచ్చితంగా చెప్తాను, 11వ తరం కంటే కిందికి దిగొద్దు. ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ మొదలైంది అక్కడే. అంతకు ముందు తరాల గ్రాఫిక్స్ డ్రైవర్లను (గ్రాఫిక్స్‌ను నడిపే సాఫ్ట్‌వేరును) ఇంటెల్ 2022లోనే పాత జాబితాలోకి మార్చేసింది, కొత్త గేముల కోసం వాటికి ప్రత్యేకంగా అప్‌డేట్లు రావు. 11వ తరం కూడా 2025లో ఆ జాబితాలోకే చేరింది.

కొనేటప్పుడు నేను ఒక చోట మోసపోయాను. బ్యాటరీ 90 శాతం బాగుందని అమ్మినాయన చెప్పాడు, నమ్మాను. హాస్టల్‌కు వచ్చి కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్టు తీస్తే 72 శాతం చూపించింది. కొత్తగా ఉన్నప్పటి కెపాసిటీ, ఇప్పుడు నిండే కెపాసిటీ రెండూ ఆ రిపోర్టులో పక్కపక్కనే ఉంటాయి. కొట్టులోనే రెండు నిమిషాలు అడిగి ఆ రిపోర్టు తీయించుకుని ఉంటే ధర తగ్గించి అడిగేదాన్ని. మీరు తప్పకుండా తీయించుకోండి.

మొదటి రాత్రి జీటీఏ 5 అనే గేము వేశాను. చిన్నప్పుడు చిత్తూరులో నెట్ సెంటర్‌లో గంటకు పదిహేను రూపాయలిచ్చి అదే వరసలోని పాత గేము వైస్ సిటీ ఆడిన రోజుల నుంచి, ఎప్పటికైనా నా సొంత మిషన్‌లో ఆడాలని కోరిక. సెట్టింగులు ఏమీ మార్చలేదు. స్క్రీను అసలు రెజల్యూషన్ 2880 బై 1920. అంటే 55 లక్షల పిక్సెళ్ళు (బొమ్మలోని చుక్కలు). బొమ్మ ఒక్కో ఫ్రేమూ ఆగి ఆగి వచ్చింది. వెనక భాగం కాలింది. నిజంగా ఏడుపొచ్చింది. 41 వేలు నాకు చిన్న మొత్తం కాదు.

ఆ తర్వాత ఒక్కోటి నేర్చుకున్నాను. అన్నిటికంటే ముందు రెజల్యూషన్. చాలామంది అలవాటు కొద్దీ 1920 బై 1080 పెట్టేస్తారు. ఈ స్క్రీను నిష్పత్తి 3:2, దానికి అది నప్పదు. నేను 1440 బై 960 పెడతాను. అటు సగం, ఇటు సగం, మొత్తం పిక్సెళ్ళు సరిగ్గా నాలుగో వంతు. గేములో ఒక పిక్సెల్‌కి స్క్రీను మీద నాలుగు పిక్సెళ్ళు కుదురుగా సరిపోతాయి, అక్షరాలు అలుక్కుపోవు. గ్రాఫిక్స్ చిప్ పని ఒక్కసారిగా తగ్గిపోతుంది. 13 అంగుళాల స్క్రీను మీద మంచం దూరం నుంచి చూస్తే తేడా పెద్దగా తెలియదు.

రెండోది కరెంటు పంపకం. ఇది అర్థం కావడానికి ఎక్కువ రోజులు పట్టింది, కానీ ఇదే అసలు కీలకం. డెస్క్‌టాప్‌లో ప్రాసెసర్‌కి వేరే, గ్రాఫిక్స్ కార్డుకి వేరే కరెంటు అందుతుంది. ట్యాబ్లెట్‌లో రెండూ ఒకే చిప్‌లో ఉంటాయి, వాటికి దొరికేది 15 నుంచి 20 వాట్లు. మా హాస్టల్ ట్యాంకు లాగే. కింది అంతస్తులో కుళాయి ధారగా తిప్పితే పైన మాకు నీళ్ళు రావు. ఈ ప్రాసెసర్ అసలు వేగం 2.4 గిగాహెర్ట్జ్, ఊపొస్తే 4.2 దాకా పోతుంది. గేములో దానికంత వేగం అవసరం లేకపోయినా పోతుంది. ఆ కరెంటంతా అది తాగేస్తే గ్రాఫిక్స్‌కి మిగలదు. వేడి పెరుగుతుంది, కాసేపటికి రెండూ కలిసి నెమ్మదిస్తాయి.

దీనికి మందు పవర్ ఆప్షన్లలో ఉంది. మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్ అనేదాన్ని 100 నుంచి 99కి దించాలి. ఆ ఒక్క శాతంతో టర్బో, అంటే 4.2 దాకా పోయే ఆ ఊపు, ఆగిపోతుంది. చాలా ట్యాబ్లెట్లలో ఈ ఆప్షన్ కనపడకుండా దాచి ఉంటుంది, కమాండ్ ప్రాంప్ట్‌లో ఒక లైను కొట్టి బయటికి తెచ్చుకోవాలి. దాంతోపాటు ఫ్రేము పరిమితి (సెకనుకు ఎన్ని బొమ్మలు రావాలన్నది) 30 పెట్టుకోండి. జీటీఏ 5లో నా లెక్కలు ఇవీ: ఈ రెండూ మార్చకముందు 1440 బై 960లో నార్మల్ సెట్టింగులతో మొదట సెకనుకు 48 ఫ్రేములు వచ్చేవి. పావుగంట తర్వాత 26కి పడిపోయి, మళ్ళీ 35కి ఎక్కి, మళ్ళీ పడిపోయేవి. ఈ రెండు మార్పుల తర్వాత గంట ఆడినా 30 దగ్గరే నిలబడుతుంది. కారు మలుపు తిరిగేటప్పుడు చెయ్యి తడబడదు. నాకు ఆ నిలకడ చాలు. ఒక మాట, జీటీఏకి 2025లో వచ్చిన ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ దించుకోకండి, ఇలాంటి మిషన్లకు పాత లెగసీ ఎడిషనే సరి.

ఇక ఎగ్జామ్ ప్యాడ్. పరుపు మీద స్టాండు దిగబడిపోతుంది, ట్యాబ్లెట్ వెనక్కి వాలుతుంది, అంచుల్లో గాలి పోయే సన్నటి సందులకు దుప్పటి అడ్డుపడుతుంది. ఇంటర్‌లో కొన్న గోధుమరంగు అట్ట ప్యాడ్ ఒకటి నా దగ్గర ఇంకా ఉంది. దాన్ని మంచం మీద పెట్టి, క్లిప్పు అవతలి వైపుకు తిప్పి, స్టాండు అంచును ఆ క్లిప్పుకు ఆనిస్తాను. ఇక జారదు. కింద గట్టిగా, చదునుగా ఉంటుంది కాబట్టి గాలి ఆడుతుంది. ప్యాడ్ లేకుండా ఆడిన రోజు వెనక చెయ్యి పెట్టలేం. ప్యాడ్ ఉంటే వెచ్చగా ఉంటుంది, అంతే. కూలింగ్ స్టాండ్ అని ఎనిమిది వందలు పెట్టి ఒకటి కొన్నాను, మంచం మీద దానికంటే ఈ ప్యాడే మేలు.

మే నెలలో తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. మాది పై అంతస్తు, శ్లాబు సాయంత్రం దాకా కాగుతుంది. మధ్యాహ్నం 41, 42 డిగ్రీల్లో పెద్ద గేములు పెట్టను. అదే గేము అదే సెట్టింగులతో నవంబరు వానల్లో హాయిగా నడిచింది. ఎండాకాలం ఆదివారం మధ్యాహ్నాలు స్లే ద స్పైర్ లాంటి కార్డుల ఆటకు వదిలేశాను. దాంట్లో టచ్‌స్క్రీన్ మోడ్ ఉంది, కీబోర్డు ఊడదీసి పడుకుని వేలితో కార్డులు లాగి ఆడొచ్చు. ట్యాబ్లెట్ కొన్నందుకు అసలైన సుఖం అక్కడ దొరికింది. మిగతా గేముల్లో వేలితో ఆడాలని చూడకండి. టచ్ కోసం తయారుచేయని గేములు వేలిని మౌసు క్లిక్కుగానే చూస్తాయి, నడవడానికీ దూకడానికీ కుదరదు. బ్లూటూత్ కంట్రోలర్ ఒకటి తప్పనిసరి.

ఏం నడుస్తాయని అందరూ అడుగుతారు. స్టార్‌డ్యూ వ్యాలీ, హాలో నైట్, సెలెస్ట్ 60 ఫ్రేముల్లో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తాయి. హేడీస్ కూడా 60. మన హైదరాబాద్ స్టూడియో ఓగర్ హెడ్ 2017లో తీసిన అసుర చక్కగా నడిచింది, ఆడని వాళ్ళు తప్పక ఆడండి. వాలరెంట్ తక్కువ సెట్టింగుల్లో 70కి పైనే ఇస్తుంది. నడవనివీ చెప్పాలి. రెడ్ డెడ్ రిడంప్షన్ 2కి 150 జీబీ ఖాళీ కావాలి. నా 256 జీబీలో విండోస్, ఆఫీసు ఫైళ్ళు పోగా అంత చోటే లేదు. ఎల్డెన్ రింగ్ మొదటి మైదానంలోనే ఆగి ఆగి నడిచింది, తీసేశాను.

8 జీబీ ర్యామ్ తీసుకోవడం నేను చేసిన పెద్ద తప్పు. వీటిలో గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మన ర్యామ్‌లోంచే తీసుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే 3.9 జీబీ దాకా పంచుకోవచ్చని ఉంటుంది. గేము మొదలుపెట్టే ముందు బ్రౌజరు, టాలీ అన్నీ మూసేయాలి. ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచుకోలేం. ఏడెనిమిది వేలు ఎక్కువైనా 16 జీబీ ఉన్నదే తీసుకోండి. ఇంకో రెండు నెలలు ఆగి అయినా సరే.

బ్యాటరీ మీద ఆశ పెట్టుకోకండి. నా 72 శాతం బ్యాటరీతో హేడీస్ గంటా ఇరవై నిమిషాలు, స్టార్‌డ్యూ రెండున్నర గంటలు. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు, ఆ బస్సు ప్రయాణానికి సరిపోతుంది. పవర్ బ్యాంకు కొంటే కనీసం 45 వాట్ల పీడీ (పవర్ డెలివరీ అనే ఛార్జింగ్ పద్ధతి) ఉన్నది కొనండి, ఫోన్లకు వాడే చిన్నవి దీనికి ఆనవు.

ఇక నేను ఎక్కువగా ఆడేది రాజ్యం కట్టి యుద్ధం చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, 2019లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్. 20వ తేదీ జీఎస్టీ పని అయిపోయాక ప్రతి రాత్రీ తమ్ముడూ నేనూ ఆన్‌లైన్‌లో కలుస్తాం. నేను ద్రావిడియన్లు తీసుకుంటాను, 2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా ప్యాక్‌లో ఉన్నారు వాళ్ళు. ఉరుమి (పట్టీలా వంగే కత్తి) తిప్పే సైనికులు గుంపులో దిగితే చూడాలి. ఎన్‌హాన్స్‌డ్ గ్రాఫిక్స్ ప్యాక్ అని ఉచితంగా ఇస్తారు, దించుకోకండి. ఈ మిషన్‌కి అది బరువు.

ఈ ఆటలో ఒక చిక్కుంది. అందరి కంప్యూటర్లూ ఒకే లెక్కను ఒకే వేగంతో చేసుకుంటూ పోతాయి. ఒకరిది నెమ్మదిస్తే అందరికీ నెమ్మదిస్తుంది. మొదటి వారం ఇద్దరం జనాభా (ఒక్కొక్కరి కింద ఉండే మనుషుల పరిమితి) 200 పెట్టుకుని ఆడాం. గంట దాటాక యుద్ధం మొదలవగానే నాకు 22 ఫ్రేములు. చిత్తూరులో వాడి డెస్క్‌టాప్‌లో గుర్రాలు నీళ్ళల్లో నడిచినట్టు నడిచాయట. "అక్కా, నీ వల్ల నాకూ ఆగిపోతోంది" అని ఫోన్లో అరిచాడు. నాకు బాధేసింది. మర్నాడు వాడే ఫోన్ చేసి జనాభా 100కి తగ్గిద్దామన్నాడు. అప్పటి నుంచి ఎంత పెద్ద యుద్ధమైనా 40కి తగ్గలేదు. దీనికి మాత్రం 99 శాతం చిట్కా వాడకండి. ఇక్కడ భారమంతా ప్రాసెసర్ మీదే, దానికి పూర్తి వేగం కావాలి. మళ్ళీ 100కి పెట్టుకోవాలి.

పదిన్నరకి గదిలో లైట్లు ఆర్పేస్తారు. వెలుగు బాగా తగ్గించి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ప్యాడ్ మోకాళ్ళ ముందు ఆనించుకుని ఆడతాను. పక్క మంచం అక్కకు ఫ్యాను చప్పుడు వినపడుతుందేమో అని అడిగాను. సీలింగ్ ఫ్యాను చప్పుడులో అది తెలియదంది. నిన్న రాత్రి తమ్ముడు నా కోట గోడ పగలగొట్టి లోపలికి వచ్చాడు. ఈ శనివారం ఇంటికి పోతున్నాను, ట్యాబ్లెట్ పట్టుకునే పోతాను. వాడి గదిలోనే కూర్చుని ఆడతాం.