టెక్సాస్‌లో ఫుట్‌బాల్ సీజన్: ఏ స్టేడియానికి వెళ్లాలి, ఎక్కడ దిగాలి, ఎలా బయటపడాలి

2024 సీజన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ సొంత మైదానంలో 9 మ్యాచ్‌లు ఆడి 2 గెలిచింది. అంతకు ముందు ఏడాది రెగ్యులర్ సీజన్‌లో అదే మైదానంలో 8కి 8 గెలిచిన జట్టు ఇది! 2024లో మాత్రం సెయింట్స్ చేతిలో 44-19, లయన్స్ చేతిలో 47-9, ఈగిల్స్ చేతిలో 34-6తో ఓడింది. డల్లాస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లలో చాలామందికి అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ముందు గుర్తొచ్చేది కౌబాయ్సే. కానీ ఆ ఏడాది టెక్సాస్‌లో డబ్బుకు తగ్గ ఆట కాలేజీ మైదానాల్లో దొరికింది. ఏడాదికి ఒక్క మ్యాచ్‌కే డబ్బు, ఓపిక ఉన్నవాళ్లు ఆ ఒక్కటీ కాలేజీ మ్యాచ్ పెట్టుకోవాలి.

కౌబాయ్స్ సొంత మైదానమైన ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియానికి 80,000 సీట్లు, పైన తెరుచుకునే కప్పు, లోపల ఏసీ ఉన్నాయి. లేనిది రైలు. డల్లాస్, ఫోర్ట్ వర్త్‌ల మధ్య తిరిగే ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ ఆర్లింగ్టన్‌కు ఉత్తరంగా సెంటర్‌పోర్ట్ దగ్గర ఆగుతుంది కానీ ఆదివారం అసలు నడవదు. కౌబాయ్స్ ఆడేది ఎక్కువగా ఆదివారమే. కాబట్టి కారే గతి. పార్కింగ్ ముందే ఫోన్‌లో కొనుక్కోవాలి. స్టేడియానికి ఆనుకున్న లాట్ కన్నా, పది పదిహేను నిమిషాలు నడవాల్సి వచ్చినా కాలిన్స్ స్ట్రీట్ వైపో హైవే వైపో ఉన్న లాట్ నయం. ఆట అయ్యాక దగ్గరి లాట్లలో బండి కదలడానికే చాలాసేపు పడుతుంది. ఊబర్ నమ్ముకుంటే చివరి విజిల్ తర్వాత రేటు రెండు మూడు రెట్లవుతుంది, పికప్ జోన్ దాకా నడకా తప్పదు. ఒక గంట ఆగి పిలిస్తే మామూలు రేటుకు దగ్గరగా వస్తుంది.

సీటు ఎంచుకోవడంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. ఈ మైదానం తూర్పు పడమరలుగా ఉంటుంది, పడమటి గోడంతా అద్దాలే. మధ్యాహ్నం 3:25కు మొదలయ్యే మ్యాచ్‌లో అక్టోబర్, నవంబర్ నెలల్లో ఎండ నేరుగా లోపలికి పడుతుంది. 2024 నవంబర్ 10న ఈగిల్స్‌తో ఆడుతుండగా ఎండ్ జోన్‌లో (మైదానం చివర స్కోరు చేసే చోట) కౌబాయ్స్ ఆటగాడు సీడీ ల్యాంబ్ కళ్లలో ఎండ పడి, తన వైపు వచ్చిన బంతిని చూడలేకపోయాడు. ఆటగాడికే అలా ఉంటే, తూర్పు చివర కూర్చుని పడమరకు చూసే ప్రేక్షకుడి సంగతి చెప్పక్కర్లేదు. ఆ వేళకు ఉత్తరం, దక్షిణం వైపు సీట్లు కొనండి. పార్టీ పాస్ పేరుతో అమ్మే నిలబడే టికెట్ చవకే. గేట్లు తీసిన వెంటనే వెళ్లి కమ్మీ పట్టుకున్నవాళ్లకే మైదానం కనిపిస్తుంది, ఆలస్యమైతే పెద్ద తెర మీద చూడటమే. పిల్లలున్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇక్కడికి రెండు మైళ్లలోపే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఎట్ ఆర్లింగ్టన్ ఉంది. మన విద్యార్థులు బాగా ఉన్న ఆ కాలేజీకి 1985 సీజన్ తర్వాత ఫుట్‌బాల్ జట్టే లేదు. కాలేజీ ఆట రుచి తెలియాలంటే వాళ్లూ ఊరు దాటాల్సిందే.

ఆ రుచి దగ్గర్లో దొరికేది డల్లాస్ ఫెయిర్ పార్క్‌లోని పాత కాటన్ బౌల్ స్టేడియంలో. అక్టోబర్‌లో స్టేట్ ఫెయిర్ నడుస్తుండగా టెక్సాస్, ఓక్లహోమా యూనివర్సిటీల జట్లు అక్కడ తలపడతాయి. 92,000 మందికి పైగా పట్టే స్టేడియం సరిగ్గా 50 గజాల గీత దగ్గర రెండుగా చీలి ఒక సగం నారింజ, ఒక సగం ముదురు ఎరుపు అవుతుంది. 2024లో అక్టోబర్ 12న టెక్సాస్ 34-3తో గెలిచింది. ఆట ఏకపక్షమే, అయినా ప్రతి స్కోరుకూ సగం స్టేడియం లేవడం, మిగతా సగం బిగుసుకుపోవడం టీవీలో అర్థమయ్యేది కాదు. టికెట్ కొనేటప్పుడు సెక్షన్ నంబర్ ఏ జట్టు సగంలో ఉందో మ్యాప్‌లో చూసుకోండి. ఇంత పట్టింపు ఉన్న మ్యాచ్‌కు చివరి నిమిషంలో ధర పడిపోతుందని ఆశ పెట్టుకోవద్దు. ఓడుతున్న ఎన్ఎఫ్ఎల్ జట్టు టికెట్లకు మాత్రం అలా కాచుకోవచ్చు.

ఈ మ్యాచ్ టికెట్‌లోనే ఫెయిర్ ప్రవేశం కలిసి ఉంటుంది, వేరే కొననక్కర్లేదు. కారు తీయకండి. డల్లాస్ సిటీ రైలు డార్ట్ గ్రీన్ లైన్ ఫెయిర్ పార్క్ గేటు ఎదుటే ఆగుతుంది. 2024లో లోకల్ డే పాస్ 6 డాలర్లు. ఫ్రిస్కోకు డార్ట్ లేదు కాబట్టి అక్కడివాళ్లు ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్‌లో కారు పెట్టి రెడ్ లైన్ ఎక్కి డౌన్‌టౌన్‌లో మారాలి. ఇర్వింగ్‌వాళ్లకు ఆరెంజ్ లైన్, అదీ డౌన్‌టౌన్‌లో మారడమే. తిరుగు ప్రయాణంలో ఫెయిర్ పార్క్ స్టేషన్ కిక్కిరిసిపోతుంది. ఒక స్టాప్ అవతల ఎంఎల్‌కే స్టేషన్ వైపు గేటులోంచి బయటికొస్తే కొంత ఊపిరాడుతుంది. ఫెయిర్‌లో తిండి కూపన్లతో కొనాలి. పేరున్న కార్నీ డాగ్ మాంసం సాసేజ్. శాకాహారులు వేయించిన మొక్కజొన్న, ఫ్రైస్ లాంటివి చూసుకోవాలి. బీన్స్ ఉన్నవి తీసుకునే ముందు పంది కొవ్వు వేశారేమో అడగండి. స్టేడియం సీట్లు చాలావరకు వీపు ఆనని బల్లలే, పెద్దవాళ్లకు మడిచే కుషన్ అనుమతిస్తారేమో ముందు రోజు చూసుకోవడం మంచిది.

సీజన్ మొత్తంలో ప్రయాణానికి అసలైన ఫలం మాత్రం కాలేజ్ స్టేషన్‌లో ఉంది. టెక్సాస్ ఏ అండ్ ఎమ్ వాళ్ల కైల్ ఫీల్డ్‌లో 1,02,733 సీట్లు. 2011 తర్వాత ఆగిపోయిన టెక్సాస్, ఏ అండ్ ఎమ్ పోరు టెక్సాస్ కూడా ఏ అండ్ ఎమ్ ఉన్న కాలేజీ లీగ్ ఎస్ఈసీలో చేరడంతో 2024 నవంబర్ 30న ఇక్కడే మళ్లీ మొదలైంది. టెక్సాస్ 17-7తో గెలిచింది. ఏ అండ్ ఎమ్‌కు వచ్చిన ఒకే ఒక్క టచ్‌డౌన్ (బంతిని ఎండ్ జోన్‌లోకి చేర్చడం) దాని డిఫెన్స్ బంతి లాక్కుని పరుగెత్తి చేసినదే, దాడి చేయాల్సిన అఫెన్స్ ఒక్క పాయింటూ తేలేదు. ఆట పరంగా అంతకన్నా మంచిది అదే మైదానంలో అక్టోబర్ 26న ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ)తో జరిగినది. వెనకబడి ఉండగా ఏ అండ్ ఎమ్ మూడో క్వార్టర్‌లో క్వార్టర్‌బ్యాక్‌గా (దాడిని నడిపే, బంతి విసిరే ఆటగాడిగా) మార్సెల్ రీడ్‌ను దించింది. అతను స్వయంగా మూడు టచ్‌డౌన్‌లు పరుగెత్తాడు, 38-23తో గెలిచారు. పెద్ద పోరు టికెట్ అందని వాళ్లు ఇలాంటి ఎస్ఈసీ మ్యాచ్ ఎంచుకుంటే ఏమీ కోల్పోరు.

అక్కడికి శుక్రవారం సాయంత్రానికే చేరాలి. సొంత మైదానం మ్యాచ్‌కు ముందు అర్ధరాత్రి కైల్ ఫీల్డ్‌లో మిడ్‌నైట్ యెల్ జరుగుతుంది. ప్రవేశం ఉచితం. వేలమంది ఒక్క గొంతుతో అరుపులు సాధన చేసే ఆ గంట చూడకపోతే ప్రయాణం సగమే అయినట్టు. మ్యాచ్ రోజు వాళ్ల పాట వార్ హిమ్ చివర అందరూ భుజాలు పెనవేసి ఊగుతుంటే పై అంతస్తు కదులుతున్నట్టు కాళ్లకు తెలుస్తుంది. తూర్పు వైపు విద్యార్థులు ఆట అయ్యేదాకా కూర్చోరు. ఎవరైనా గాయపడితే దిగడానికి సిద్ధంగా నిలబడిన 1922 నాటి విద్యార్థి కింగ్ గిల్ పేరిట వచ్చిన పన్నెండో మనిషి ఆనవాయితీ అది. సెప్టెంబర్ మధ్యాహ్నం మ్యాచ్‌కు పడమటి స్టాండ్ కొనండి, అక్కడ నీడ ముందు పడుతుంది. తూర్పున ఎండ ముఖాన కొడుతుంది.

హోటళ్ల దగ్గరే దెబ్బ తగులుతుంది. మ్యాచ్ వారాంతాల్లో చాలాచోట్ల రెండు రాత్రులు తప్పనిసరి అంటారు. కాలేజ్ స్టేషన్ దాటి బ్రయాన్, నావసోటా, బ్రెన్‌హామ్‌లలో వెతకండి. షెడ్యూల్ వచ్చిన రోజే రద్దు చేసుకోగలిగే గది పట్టుకుని, కిక్‌ఆఫ్ వేళ ఖాయమయ్యాక అవసరం లేనిది వదిలేయడం మేలు. టీవీ ఛానళ్లు వేళను తరచుగా 12 రోజుల ముందు, కొన్నిసార్లు 6 రోజుల ముందే చెబుతాయి. హ్యూస్టన్ నుంచి 290, తర్వాత 6 నంబర్ హైవే. డల్లాస్ నుంచి 45 మీద మాడిసన్‌విల్ దాకా వచ్చి 21 పట్టుకుంటే సుమారు మూడు గంటలు. కాలేజీ మ్యాచ్ మూడున్నర గంటలు సాగుతుంది. రాత్రి మ్యాచ్ చూసి అదే రాత్రి డల్లాస్ తిరిగి వెళ్దామనుకోవద్దు.

ఆస్టిన్‌లో ఆటకన్నా క్యాలెండర్‌దే ఇబ్బంది. 2024 అక్టోబర్ 19న జార్జియా వచ్చి టెక్సాస్‌ను 30-15తో ఓడించింది. అదే వారాంతం ఊళ్లో ఫార్ములా వన్ రేసు కూడా ఉంది. గదుల ధరలు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. టెక్సాస్ మ్యాచ్ పెట్టుకునే ముందు రేసు తేదీలు చూడండి.

ఎన్ఎఫ్ఎల్ ఒకసారైనా చూడాలి, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు అంటే హ్యూస్టన్ వెళ్లండి. 2024లో అక్కడి జట్టు టెక్సన్స్ 10 గెలుపులు, 7 ఓటములతో ముగించి, తొలి ప్లేఆఫ్‌లో చార్జర్స్‌ను 32-12తో కొట్టింది. కప్పు, ఏసీ ఉన్నాయి, పైగా రెడ్ లైన్ రైలు ఎన్ఆర్‌జీ స్టేడియం పక్కనే ఆగుతుంది. టికెట్ 1.25 డాలర్లు. షుగర్ ల్యాండ్ వైపువాళ్లు చివరి స్టేషన్ ఫానిన్ సౌత్‌లో కారు పెట్టుకోవచ్చు. బయటి ఊరివాళ్లు మెడికల్ సెంటర్ దగ్గర హోటల్ తీసుకుంటే అదే లైన్ మీద ఉంటారు.

బ్యాగు నియమం ఎన్ఎఫ్ఎల్ స్టేడియాలన్నిటికీ ఒకటే, కాలేజీల్లోనూ దాదాపు అంతే: 12 బై 6 బై 12 అంగుళాలకు మించని పారదర్శక బ్యాగు, లేదా ఒక గ్యాలన్ జిప్ కవరు. చేతి పర్సు 4.5 బై 6.5 అంగుళాల లోపు. డైపర్ బ్యాగును కూడా ఆపేస్తారు, అందులోని సామాను పారదర్శక బ్యాగులోకి మార్చుకోవాలి. పులిహోర, పెరుగన్నం పార్కింగ్‌లో టెయిల్‌గేట్ (మ్యాచ్‌కు ముందు కారు దగ్గరి విందు) దగ్గరే తినేసి లోపలికి వెళ్లండి. ఫోన్‌లో టికెట్‌ను ఇంటి దగ్గరే వాలెట్‌లోకి దింపుకోవాలి, లక్షమంది చేరిన చోట గేటు ముందు నెట్ పనిచేయదు.

టెక్సాస్ దాటి ఒక్క ఊరు వెళ్లగలిగితే అది అట్లాంటా. విమానాశ్రయం లోపలే మార్టా రైలు ఎక్కి 2.50 డాలర్లతో మెర్సిడెస్ బెంజ్ స్టేడియం దాకా వెళ్లొచ్చు. 2017 నుంచి అక్కడ హాట్ డాగ్, మళ్లీ నింపుకునే శీతల పానీయం రెండేసి డాలర్లకే అమ్మడం మొదలుపెట్టారు. 2025 జనవరి 20న ఒహాయో స్టేట్ 34-23తో నోట్రడామ్‌ను ఓడించి 12 జట్ల తొలి కాలేజీ ప్లేఆఫ్ టైటిల్ అందుకున్నది ఈ మైదానంలోనే. ఆట అయ్యాక జనమంతా పక్కనున్న స్టేషన్‌కే పోతారు. ఎదురుదిక్కున వైన్ సిటీకి నడిస్తే రైల్లో చోటు దొరికే వీలుంది.