బోరు నీళ్ల ఇంట్లో సోలార్ వాటర్ హీటర్: మా 200 లీటర్ల ట్యూబుల మోడల్ సంగతి

అనంతపురంలో మాది రెండంతస్తుల మిద్దె. ఇంట్లో ఆరుగురం. తాగడానికీ వంటకీ కార్పొరేషన్ నీళ్లు, మిగతా అన్నిటికీ బోరే. నాలుగేళ్ల కింద మిద్దె మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టించాం, గాజు ట్యూబుల రకం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ మిషన్లు ఎన్నాళ్లు నడుస్తాయన్నది ట్యాంకు మీది స్టిక్కర్ కన్నా మీ నీళ్లను బట్టే ఎక్కువగా ఉంటుంది.

వేడి విషయంలో వంక పెట్టడానికేం లేదు. ఎండ కాసిన రోజు సాయంత్రానికి ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి. చుట్టూ పఫ్ పొర (వేడి పోకుండా ఆపే ఫోమ్) ఉండటం వల్ల తెల్లవారుజామున ఐదింటికి కూడా అర బకెట్ వేడినీళ్లకు అర బకెట్ చన్నీళ్లు కలపాల్సిందే. డిసెంబర్, జనవరిలో చలి ఉన్నా మన వైపు ఆకాశం తేటగా ఉంటుంది కాబట్టి లోటు రాదు. 200 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60కి కాచాలంటే గీజర్‌కు 8 యూనిట్ల కరెంటు కావాలి. ఆ లెక్క చాలు మా ఆయన్ని ఒప్పించడానికి.

ఇబ్బంది ముసురు పట్టినప్పుడే. అక్టోబర్, నవంబర్‌లో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే మొదటి రోజు పాత వేడితో నెట్టుకొస్తాం, రెండో రోజుకు గోరువెచ్చన. ట్యాంకులోనే కరెంటు కాయిల్ పెడతామని డీలరు అన్నాడు, వద్దన్నాం. ఒక్కరు స్నానం చేయాలన్నా ట్యాంకంతా కాగాలి కదా! బాత్‌రూమ్‌లో ఉన్న పాత గీజర్‌నే అట్లా ఉంచేశాం.

పక్కింటివాళ్లు మిద్దె మీదికి వస్తే అడిగే మొదటి మాట, "కరెంటు ఎంత వస్తుందక్కా?" అని. ఒక్క యూనిట్ కూడా రాదు. ఇది నీళ్లు కాచే సరంజామా, కరెంటు ప్లేట్లు వేరు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా ఆ ప్లేట్లకే, వీటికి లేదు. ఎండ వేడితో కరెంటు తీయడం కుదరదని కాదు. మన జిల్లాలోనే నాగలాపురం దగ్గర 2014లో 50 మెగావాట్ల ప్లాంటు పెట్టారు. దోనెల్లా వంచిన అద్దాలతో నూనెను కాచి, ఆ వేడితో ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పడం అక్కడి పద్ధతి. ప్లేట్ల ధరలు పడిపోయాక మన దేశంలో అలాంటివి మళ్లీ పెద్దగా రాలేదు. తిరుమలలో అన్నప్రసాదం వండటానికి ఎండతో ఆవిరి పుట్టించే డిష్షులు 2002లోనే పెట్టారు. మా అత్తమ్మకు ఆ సంగతి చెప్పాకే దీని మీద గురి కుదిరింది.

ఇక అసలు గొడవ, ఉప్పు. కొలతలకు వచ్చిన డీలరు ఎంతమంది ఉంటారు, దక్షిణం ఎటు, సింటెక్స్ ట్యాంకు ఎంత ఎత్తు అని అన్నీ అడిగాడు. నీళ్లెట్లాంటివని మాత్రం అడగలేదు. రెండో ఏడాదికి వేడి తగ్గింది. సర్వీసు కుర్రాడు పొద్దు పొడవకముందే వచ్చాడు. ఎండెక్కాక ఖాళీ ట్యూబులో చన్నీళ్లు పడితే గాజు పగులుతుందట. ట్యాంకు ఖాళీ చేసి, ఒక ట్యూబును మెల్లగా తిప్పుతూ లాగి తలకిందులు చేస్తే తెల్లటి పెచ్చులు గలగలా రాలాయి. అడుగున జానెడు మేర సున్నం గట్టిపడి ఉంది. అన్నిటినీ నిమ్మ ఉప్పు నీళ్లతో నానబెట్టి, పొడుగు బ్రష్‌తో తోమి, రబ్బరు రింగులకు సబ్బు నీళ్లు రాసి మళ్లీ ఎక్కించాడు.

ఒక ట్యూబు చివర అద్దంలా మెరవాల్సింది పాలలా తెల్లబడింది. అంటే అది పోయినట్టే. ఇవి రెండు పొరల గాజు, మధ్యలో గాలి ఉండదు, థర్మోస్ ఫ్లాస్కులాగే. మిట్టమధ్యాహ్నం లోపల నీళ్లు పొగలు కక్కుతున్నా పై గాజు మీద చెయ్యి పెట్టొచ్చు. ఎక్కడైనా సన్నటి పగులు వచ్చి గాలి దూరితే ఆ మెరుపు తెల్లబడుతుంది, వేడి బయటికి పోతుంది. మీ ఇంట్లో ఉంటే ఓసారి చివర్లు చూసుకోండి, ఎవర్నీ పిలవక్కర్లేదు.

రాగి గొట్టాలుండే ఫ్లాట్ ప్లేట్ రకం గట్టిది, ఎక్కువ కాలం వస్తుంది, నిజమే. కానీ ఆ సన్నటి గొట్టాల్లో మన సున్నం పడితే తోమడానికి బ్రష్ కూడా దూరదు. ఉప్పు నీళ్లుండి అదే కావాలంటే హీట్ ఎక్స్‌చేంజర్ ఉన్నది తీసుకోవాలి. అందులో గొట్టాల్లో వేరే నీళ్లు తిరుగుతాయి, వాటి వేడి మాత్రమే మన నీళ్లకు ఎక్కుతుంది. ధర ఎక్కువ.

కొటేషన్‌లో మిషన్ ధర ఒకటే రాశాడు. చన్నీళ్ల ట్యాంకు సోలార్ ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి కాబట్టి సింటెక్స్ కింద ఇనుప స్టాండు, వేడినీళ్లకు సీపీవీసీ పైపు, దాని మీద నల్ల ఫోమ్, ప్లంబర్ కూలీ, అన్నీ తర్వాత ఒక్కొక్కటిగా తేలాయి. వారంటీ కార్డులో ఉప్పు నీళ్ల వల్ల ట్యాంకు చిల్లు పడితే తమకు సంబంధం లేదని సన్న అక్షరాల్లో ఉంది. ఇది బిల్లు కట్టకముందే చదవండి.

కింది వంటింటికి లైను మాత్రం వేయించకండి. మూడు గిన్నెలు తోమడానికి బకెట్టు చన్నీళ్లు పోయాకగానీ వేడి దిగదు. మన ఊళ్లో అన్ని నీళ్లు మోరీ పాలు చేయడానికి మనసొప్పదు. బాత్‌రూమ్‌లో అయితే ఆ నీళ్లు బకెట్టులో పట్టి వాడుకోవచ్చు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ముందు చన్నీళ్ల కొళాయి, ఆ తర్వాతే వేడిది, ఈ వరస నేర్పించండి. ఎండాకాలం సాయంత్రం ఆ నీళ్లు ఒళ్లు కాల్చేస్తాయి.

పై పోర్షన్‌కు ఇంకోటి పెట్టించాలి. మళ్లీ ట్యూబులదే తీసుకుంటాం, కానీ లోపల గ్లాస్ లైనింగ్ (గాజు పూత), మెగ్నీషియం రాడ్ ఉన్న ట్యాంకు. తుప్పు ముందు ఆ రాడ్‌ను తింటుంది, అరిగాక అదొక్కటే మార్చుకోవచ్చు. వేరే డీలరును అడిగాం. ధర కొంచెం ఎక్కువే చెబుతున్నాడు, స్టాండు కూడా అందులోనే కలపమంటే ఇంకా బేరం తెగలేదు.